హౌస్ సిట్టింగ్ సైట్ల మెంబర్‌షిప్: నెలల తరబడి సిట్లు చేసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఇంటివాళ్లు ఊరెళ్లినప్పుడు వాళ్ల ఇంట్లో అద్దె లేకుండా ఉంటూ ఇంటినీ జంతువులనూ చూసుకోవడమే హౌస్ సిట్టింగ్. అలాంటి ఒక్కో బస ఒక సిట్, చేసే మనిషి సిట్టర్. ఈ రెండు పక్షాలనూ కలిపే సైటుకు ఏడాది చందా కడితే ఇక వసతి ఉచితం అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఆ చందాకు దొరికేది ప్రకటనలకు అప్లై చేసుకునే వీలు, ఒక ప్రొఫైల్ పేజీ, దాని కింద ఒక్కొక్కటిగా పోగయ్యే రివ్యూలు. వారం, పది రోజుల సిట్లకు ఇవి చాలు. నెల, రెండు నెలలు, ఆరు నెలల సిట్లు ఒకదాని వెంట ఒకటి పట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లకు మాత్రం సైటు పని జత కుదర్చడంతో అయిపోతుంది. ఒప్పందం, జంతువుల డాక్టరు, బీమా, వీసా, ఇంటి రిపేర్లు అన్నీ సిట్టర్ నెత్తిన పడేవే. "చందా దండగ" అని తిట్టుకునేవాళ్లలో సగం మంది గొడవ ఈ రెండో భాగంతోనే, సైటుతో కాదు.

సైట్లలో అన్నిటికన్నా పెద్దది ట్రస్టెడ్ హౌస్‌సిటర్స్. 2010లో బ్రిటన్‌లో మొదలైంది. సిట్టర్లూ ఇంటివాళ్లూ ఇద్దరూ చందా కడతారు. వాళ్ల మధ్య డబ్బు చేతులు మారకూడదన్నది నియమం. ప్రకటనల సంఖ్యలో దీనికి పోటీ లేదు, కానీ అందులో ఎక్కువ భాగం వారాంతాలు, వారం, పదిహేను రోజులవే. ఒక ప్రకటనకు ఐదు అప్లికేషన్లు రాగానే అది ఆగిపోతుంది. ఇంటివాళ్లు వాటిని చూసి తేల్చేదాకా కొత్తవి తీసుకోదు. పేరున్న నగరంలో ఒకే ఒక్క పిల్లి ఉన్న ఫ్లాట్ అయితే ఆ ఐదూ చూస్తుండగానే పడిపోతాయి. అందుకని కావలసిన ప్రాంతం, తేదీలు, జంతువుల రకం పెట్టి సెర్చ్ సేవ్ చేసుకుని, ఫోన్‌కు అలర్టు వచ్చేలా చూసుకోవాలి. అప్లికేషన్ ఒకటి ముందే రాసి పెట్టుకుని మొదటి రెండు వాక్యాలు మాత్రం ప్రతిసారీ కొత్తగా రాయాలి. ఆ రెండు వాక్యాల్లో వాళ్ల జంతువు పేరు, వాళ్లు ప్రత్యేకంగా అడిగిన పని ఉండాలి. "మాకు జంతువులంటే ప్రాణం" అని మొదలయ్యే అప్లికేషన్‌ను ఇంటివాళ్లు అక్కడికక్కడే పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే మిగతా నాలుగూ అలాగే మొదలవుతాయి.

పొడవైన సిట్లకు ఈ పరుగు అంతగా ఉండదు. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చే సిట్టర్లు రెండు నెలలు ఉండలేరు కాబట్టి పోటీ సహజంగానే పలచబడుతుంది. పల్లెటూరు, మూడు నాలుగు జంతువులు, కారు లేకపోతే కదల్లేని చోటు అయితే మరీను. కానీ అలాంటి ఇంటివాళ్లు రివ్యూలు లేని మనిషికి తాళాలు ఇవ్వరు. మీరున్న చోటికి దగ్గర్లో రెండు మూడు చిన్న సిట్లు చేసి రివ్యూలు పోగేసుకోవడం తప్ప దీనికి అడ్డదారి లేదు.

ట్రస్టెడ్ హౌస్‌సిటర్స్‌లో ప్లాన్లు మూడు: బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం. ఇంటివాళ్లు చివరి నిమిషంలో సిట్ రద్దు చేస్తే బస ఖర్చులకు రక్షణ దొరికేది అన్నిటికన్నా పైదైన ప్రీమియంలోనే. కొన్ని ప్లాన్లలో సిట్ ఖాయమైన ప్రతిసారీ విడిగా బుకింగ్ ఫీజు కూడా ఉంటోంది. ఏడాదికి ముప్ఫై వారాంతాలు చేసేవాళ్లకు ఇది తడిసి మోపెడవుతుంది. ఐదారు పొడవైన సిట్లు చేసేవాళ్లకు పట్టించుకోనక్కర్లేదు. సభ్యులకు ఇరవైనాలుగు గంటల వెటర్నరీ హెల్ప్‌లైన్ ఉండటం మాత్రం నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. అర్ధరాత్రి కుక్క వాంతి చేసుకుంటే ఇప్పుడే క్లినిక్‌కు పరుగెత్తాలా, తెల్లారేదాకా ఆగొచ్చా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికినా చందా గిట్టినట్టే.

మిగతావాటిలో నోమాడర్ ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఫ్రెంచి పల్లెల్లో తోట, కోళ్లు, ముసలి కుక్క ఉండే పొడవైన సిట్లు అక్కడ బాగా కనిపిస్తాయి. చందా లేకుండా కొద్దిపాటి అప్లికేషన్లతో రుచి చూసే వీలు కూడా ఉంది. హౌస్‌కేరర్స్ 2000లోనూ, మైండ్‌మైహౌస్ 2005లోనూ మొదలైన పాత కాపులు. మైండ్‌మైహౌస్‌లో ఇంటివాళ్లకు ప్రకటన ఉచితం, సిట్టర్ చందా కూడా చవక. పేజీలు పాతకాలంగా ఉంటాయి, ప్రకటనలు తక్కువ, కానీ ఉన్నవాటిలో నెలల తరబడివి బాగానే తగులుతాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు ఆసీ హౌస్ సిటర్స్, కివీ హౌస్ సిటర్స్ చూడకుండా మరో సైటుకు డబ్బు కట్టకూడదు. రోవర్ దారి వేరు. అక్కడ సిట్టర్ డబ్బు తీసుకుని పనిచేస్తాడు, సైటు కమీషన్ కోసుకుంటుంది. అది ఉద్యోగం కాబట్టి, పని చేసే హక్కు లేని దేశంలో దాని జోలికి పోకూడదు. రెండు సైట్లు పెట్టుకోవడం మంచిది, ఒకటి పెద్దది, ఒకటి వెళ్లబోయే దేశానిది. మూడోది డబ్బు దండగ.

ప్రకటన చదవడంలో ఉన్న కిటుకు

"చూసుకోవడం చాలా తేలికైన కుక్క, ఎప్పుడూ పక్కనే ఉండటానికి ఇష్టపడుతుంది" అని ఉంటే ఆ కుక్కను ఒంటరిగా వదల్లేరని అర్థం. "తోట కొంచెం చూసుకోవాలి" అంటే ఎండాకాలంలో నలభై కుండీలకు రోజూ నీళ్లు పొయ్యడం కావచ్చు. పడకగది, బాత్రూమ్ ఫొటోలు లేకుండా తోటవి పది, కుక్కవి ఇరవై ఉంటే వీడియో కాల్‌లో ఆ గదులు చూపించమని మర్యాదగా అడగాలి. అడిగితే చిన్నబుచ్చుకునే ఇంట్లో రెండు నెలలు ఉండటం కష్టం.

పనిని గంటల్లోకి మార్చి చూసుకోవడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. రెండు కుక్కలను కలిపి తిప్పగలిగితే రోజుకు రెండు నడకలు, ఒక్కోటి ముప్పావు గంట చొప్పున గంటన్నర. ఆ రెండిటికీ పడకపోతే అదే మూడు గంటలు. కోళ్లు ఉంటే పొద్దున వదిలి నీళ్లు మార్చడానికి ఇరవై నిమిషాలు, చీకటి పడేముందు లెక్కపెట్టి మూసెయ్యడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం ప్రతి సాయంత్రమూ ఇంటికి చేరాల్సిందే. నక్కలు తిరిగే చోట ఒక్క రాత్రి తలుపు మరిచినా గూడు ఖాళీ. మొక్కలు, చెత్తబండి రోజులు, ఈతకొలను శుభ్రం అన్నీ కలిపి రోజుకు మూడు గంటలు దాటితే అది జీతం లేని ఉద్యోగమే. అలాంటిది ఒప్పుకోకూడదని కాదు, తెలిసి ఒప్పుకోవాలి.

ఇంటిమీద పాత సిట్టర్లు రాసిన రివ్యూలు చదివేటప్పుడు ఏం రాశారో దానికన్నా ఏం రాయలేదో చూడాలి. సిట్టర్లు మొహమాటస్తులు, వాళ్ల తర్వాతి సిట్ కూడా ఇంటివాళ్లు ఇచ్చే రివ్యూ మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఐదు నక్షత్రాలకు విలువ తక్కువ. ఎనిమిది రివ్యూల్లో కుక్క మంచితనం గురించి ఉండి ఇంటి శుభ్రత గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే చేతి తొడుగులు, బ్లీచ్ కొనుక్కోవడానికి సిద్ధపడాలి. ఏళ్లుగా ప్రకటనలు పెడుతున్న ఇంటికి ఒక్క సిట్టరూ రెండోసారి రాలేదంటే ఏదో ఉందన్నమాట. పాత సిట్టర్‌కు సైటులో మెసేజ్ పెట్టి "మళ్లీ పిలిస్తే వెళ్తారా?" అని ఒక్కటే అడగండి. జవాబు ఆలస్యమైతే అదే జవాబు.

వీడియో కాల్ కనీసం నలభై నిమిషాలు ఉండాలి, కుక్క తెర మీద కనబడాలి. అడగాల్సినవి ఇవీ: రాత్రి ఎక్కడ పడుకుంటుంది? మంచం మీదైతే, అది నేను పడుకోబోయే మంచమేనా? ఈమధ్య ఎప్పుడైనా ఒంటరిగా వదిలారా, ఎన్ని గంటలు, వచ్చి చూస్తే ఏం చేసి ఉంది? ఎవర్నయినా కరిచిందా? ("లేదు, కానీ..." అని వస్తే ఆ "కానీ" తర్వాతిది జాగ్రత్తగా వినాలి.) ఇంటి లోపల కెమెరాలు ఉన్నాయా, ఉంటే ఏ గదుల్లో? తాళాలు ఇంకెవరి దగ్గర ఉన్నాయి? పనిమనిషి, తోటమాలి, పెద్దకొడుకు, ఎవరైనా మధ్యలో వస్తారా? ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమంటే ఎవరూ కాదనరు. డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకుండా అప్‌లోడ్ చూడాలి. వీడియో మీటింగులు తెగిపోయేది అక్కడే.

సైటు ఇవ్వని కాగితం

ట్రస్టెడ్ హౌస్‌సిటర్స్‌లో ఇంటివాళ్లు నింపే వెల్కమ్ గైడ్ ఉంటుంది. తిండి వేళలు, వైఫై పాస్‌వర్డ్, చెత్త రోజులు లాంటివాటికి అది బాగుంటుంది. నెల దాటిన సిట్‌కు దానితో సరిపెట్టుకోకూడదు. రెండు పేజీల ఒప్పందం విడిగా రాసుకుని ఇద్దరూ సంతకం చేసి, ఫొటో తీసి ఈమెయిల్‌లో పెట్టుకోవాలి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. మంచి ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, వాళ్లకూ అవే భయాలు.

మొదటి పేజీలో తేదీలు, డబ్బు. మొదలూ ముగింపూ గంటలతో సహా రాయాలి. ఇంటివాళ్ల విమానం ఆలస్యమైతే సిట్టర్ ఎన్ని గంటలు అదనంగా ఉంటాడు, అది దాటితే తాళాలు ఏ పొరుగింటివాళ్లకు ఇవ్వాలి? 48 గంటలు అని రాసుకోవడం ఇద్దరికీ న్యాయం. కరెంటు, గ్యాస్ బిల్లులో సిట్టర్ భాగం ఉంటుందా? చలికాలంలో రెండు నెలలు హీటర్ నడిస్తే గొడవలు వచ్చేది ఇక్కడే. సైటు నియమాలు ఒప్పుకుంటే, నెలకు ఇంత దాటితే ఆ దాటినంత మాత్రమే సిట్టర్ కడతాడని రాసుకోవడం మేలు. ప్రతినెలా ఒకే మొత్తం ఇస్తే అది అద్దెలా కనబడుతుంది. కొన్ని దేశాల్లో ఎక్కువకాలం ఉన్న మనిషికి అద్దెదారు హక్కులు రావచ్చన్న భయం ఇంటివాళ్లకు ఉంటుంది, కాబట్టి "ఇది అద్దె ఒప్పందం కాదు, ఫలానా తేదీకి ముగుస్తుంది" అన్న వాక్యం వాళ్ల కోసం చేర్చాలి. నెలకు ఎన్ని రాత్రులు సిట్టర్ బయట ఉండొచ్చు, అప్పుడు జంతువులను ఎవరు చూస్తారన్నదీ ఇక్కడే తేలాలి. ఆరు నెలలు ఒక్క రాత్రి కూడా కదలకుండా ఉండటం ఎవరివల్లా కాదు.

బీమా సంగతి ఇంటివాళ్లకే సరిగ్గా తెలియదు. చాలా గృహబీమా పాలసీల్లో ఇల్లు 30 లేదా 60 రోజులు వరసగా ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు చెల్లింపు ఆగిపోయే షరతు ఉంటుంది. సిట్టర్ ఉన్నాడు కదా అనుకుంటారు, కానీ కంపెనీకి చెప్పకపోతే రేపు పైపు పగిలినప్పుడు పేచీ. ఇంటివాళ్లే కంపెనీకి రాసి, జవాబు కాపీ సిట్టర్‌కు పంపాలి. కారు వాడుకోమంటే పాలసీలో సిట్టర్ పేరు చేర్చారో లేదో కాగితం మీద చూడందే తాళంచెవి ముట్టుకోకూడదు.

రెండో పేజీ జంతువులది. క్లినిక్ పేరు, రాత్రి తెరిచి ఉండే ఆస్పత్రి, అక్కడికి ఎంత దూరం, ఎలా వెళ్లాలి, కుక్కను ట్యాక్సీలో ఎక్కించుకుంటారా. యజమాని సంతకంతో క్లినిక్‌కు ముందే అందిన లెటర్ ఉండాలి: సిట్టర్ జంతువును తీసుకురావచ్చు, ఇంత మొత్తం దాకా అడక్కుండా వైద్యం చెయ్యండి, బిల్లు ఈ కార్డు మీద వెయ్యండి. ఈ లెటర్ లేకపోతే క్లినిక్ కౌంటర్ దగ్గర సిట్టర్ తన జేబులోంచి అడ్వాన్సు కట్టి, విమానంలో ఉన్న యజమాని దిగేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. ముసలి జంతువైతే ఇంకో ప్రశ్న కూడా ముందే అడగాలి. ప్రాణం మీదికి వచ్చి, యజమాని అందుబాటులో లేకపోతే నిర్ణయం ఎవరిది? పోతే దేహాన్ని ఏం చెయ్యాలి? అడగడానికి నోరు రాదు, కానీ పద్నాలుగేళ్ల కుక్క ఉన్న ఇంట్లో మూడు నెలల సిట్‌కు ఇది అడగకుండా వెళ్లడం బాధ్యత కాదు.

జంతువు చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌కు సాధారణంగా పదిహేను అంకెల నంబర్ ఉంటుంది. చిప్ తనంతట తాను ఎక్కడుందో చెప్పదు. స్కానర్ చూపించే ఆ అంకెకు రిజిస్టర్ అయిన ఫోన్ నంబర్ మోగితేనే ప్రయోజనం. యజమాని వేరే ఖండంలో నిద్రపోతుంటే ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు? సిట్ జరిగినన్నాళ్లు రెండో నంబర్‌గా సిట్టర్‌ది చేర్పించుకోవాలి. మొదటి వారం కుక్కను ఎంత బుద్ధిమంతురాలన్నా పట్టా విప్పి వదలకూడదు. ఇంటివాళ్లు పిలిస్తే వస్తుందన్నది నిజమే, పిలుస్తున్నది మీరు.

మందులు, ముఖ్యంగా ఇన్సులిన్

షుగర్ ఉన్న పిల్లి, కుక్క ఉన్న ఇళ్లకు సిట్టర్లు దొరకరు, అందుకే పొడవైన సిట్లలో ఇవి ఎక్కువగా తగులుతాయి. ఇంజెక్షన్ కష్టం కాదు, పొరపాటు జరిగేది సిరంజిలో. పెంపుడు జంతువుల కోసం చేసిన కొన్ని ఇన్సులిన్లలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, మనుషుల ఇన్సులిన్లలో ఎక్కువవాటిలో 100. సిరంజిలూ అలాగే యు-40, యు-100 అని వేరువేరు. యు-100 మందును యు-40 సిరంజిలో 4 గీత దాకా తీస్తే ఎక్కేది 4 కాదు, 10 యూనిట్లు. చిన్న పిల్లికి అది ప్రాణాంతకం. తిరగేసి, యు-40 మందును యు-100 సిరంజిలో 4 గీత దాకా తీస్తే 1.6 యూనిట్లే వెళ్తాయి, పిల్లి నీరసించిపోతుంది. అందుకే మొదటిరోజు యజమాని ఎదురుగానే సీసా మీద అంకె, సిరంజి ప్యాకెట్ మీద అంకె కలిసాయో లేదో చూసుకుని రెండూ ఒకే ఫ్రేములో ఫొటో తీసుకోవాలి. సిరంజిలు అయిపోయి కొత్తవి కొన్నప్పుడు ఆ ఫొటో తీసి చూపించి కొనాలి.

సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెనక గోడకు తగలకుండా ఉండాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పారెయ్యాల్సిందే. కొన్ని రకాలను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, కొన్నిటిని ఊపాలి, ఏది ఎలాగో మందుతో వచ్చే కాగితంలో ఉంటుంది. సాధారణంగా పన్నెండు గంటలకొకసారి, తిండితో పాటు. ముందు తిన్నాక, తర్వాత సూది. తినకపోయినా, తిన్నది కక్కుకున్నా మామూలు డోసు ఇచ్చెయ్యకుండా క్లినిక్‌కు ఫోన్ చెయ్యాలి. సూది బొచ్చులోంచి బయటికి వచ్చి మందు కారిపోయిందనిపిస్తే మళ్లీ ఇవ్వకూడదు. ఒక డోసు తప్పితే కొంప మునగదు, రెండు డోసులు పడితే మునుగుతుంది. తూలుతున్నా, వణుకుతున్నా చిగుళ్ల మీద తేనె గానీ చక్కెర పాకం గానీ రాసి వెంటనే బయల్దేరాలి. నోట్లో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో సంగతి, ఈ పన్నెండు గంటల లెక్క సిట్టర్ తిరుగుడుకు గీసిన గీత. దూరాలు చూడాలనుకునేవాళ్లు ఈ సిట్ తీసుకోకూడదు.

మిగతా జబ్బుల్లో ఆలస్యం చెయ్యకూడనివి గుర్తుంచుకుంటే చాలు. మగపిల్లి ఇసుకపెట్టెలోకి మాటిమాటికీ వెళ్లి వంగి కూర్చుని చుక్క కూడా పొయ్యకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు, గంటలు లెక్కపెట్టాల్సిన అవస్థ అది. మూత్రంతో కట్టే ఇసుక గడ్డలను రోజూ లెక్కపెట్టే అలవాటు అందుకే పనికొస్తుంది. ఇంటికి వచ్చిన రెండు మూడు రోజుల్లో ఆ పిల్లికి మామూలు లెక్క ఎంతో తెలిసిపోతుంది. ఒకరోజు మొత్తం తిండి ముట్టని పిల్లిని కొత్త మనిషి బెంగ అని వదిలెయ్యకూడదు, కాలేయం దెబ్బతినవచ్చు. లోతైన ఛాతీ ఉన్న పెద్దకుక్క కడుపు ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే డోకుతుంటే అది కడుపు మెలిపడిన లక్షణం, ఆ రాత్రికి ఆ రాత్రే ఆస్పత్రికి. కుక్కలకు పిడుదుల కోసం వాడే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి విషం. రెండూ ఉన్న ఇంట్లో మందు వేసిన కుక్కను అది ఆరేదాకా పిల్లికి దూరంగా ఉంచాలి. సిట్టర్ సంచిలోని చక్కెరలేని చూయింగ్ గమ్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, కుక్క ప్రాణం మీదికి రావడానికి ఆ కాస్తా చాలు. బ్యాగు నేల మీద పెట్టడం మానుకోవాలి. పుష్పగుచ్ఛంలో లిల్లీలు ఉంటే పిల్లి ఉన్న ఇంటి గుమ్మం దాటనివ్వకూడదు. చేపలు మాత్రం దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. వాటిని సిట్టర్లు ఎక్కువ తిండి పెట్టే చంపుతారు, కాబట్టి వాటి తిండిని రోజుకొక గడి చొప్పున మాత్రల డబ్బీలో ఇంటివాళ్లతోనే పోయించుకోవాలి.

ఇల్లు

మొదటి సాయంత్రం యజమాని ఇంకా ఇంట్లో ఉండగానే మూడు చోట్లు మీ చేత్తో ముట్టుకోవాలి: నీళ్ల మెయిన్ వాల్వు, కరెంటు బోర్డు, బాయిలర్ (నీళ్లు వేడిచేసి ఇంటిని వెచ్చగా ఉంచే యంత్రం). వాల్వు తిప్పి చూపించమనాలి. పదేళ్లుగా తిప్పనిది బిగుసుకుపోయి ఉంటే ఆరోజే తెలుస్తుంది. మెయిన్ స్విచ్ పడిపోయి కరెంటు పోతే, దాన్ని ఎక్కించే ముందు మిగతా స్విచ్‌లన్నీ దించి, మెయిన్ ఎక్కించి, ఒక్కోటీ పైకి లేపుతూ పోవాలి. ఏది లేపగానే మళ్లీ పడిందో తప్పు ఆ లైనులో ఉంది, దాన్ని దించి ఉంచి మిగతా ఇల్లు నడుపుకోవచ్చు. ఈలోపు ఫ్రీజర్ తలుపు తెరవకూడదు. నిండుగా ఉన్నది మూసి ఉంచితే దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది.

చలిదేశాల్లో హీటర్ ఆగిపోయిందని అర్ధరాత్రి యజమానిని లేపే ముందు బాయిలర్ ప్రెషర్ ముల్లు చూడండి. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలత) మధ్య ఉండాలి. బాగా పడిపోతే చాలా మోడళ్లు వాటంతట అవే ఆగుతాయి. బాయిలర్‌లోకి నీళ్లు నింపే ఫిల్లింగ్ లూప్ వాల్వులు మెల్లగా తెరిచి ముల్లు 1.2 దగ్గరికి రాగానే రెండూ మూసెయ్యాలి. తెరిచి వదిలేస్తే ప్రెషర్ పెరిగి 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు నీళ్లు బయటికి తోసేస్తుంది. వారానికొకసారి పడిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, అది యజమానికి చెప్పి మెకానిక్‌ను పిలిపించాల్సిన పని. స్మార్ట్ తాళం ఉన్న ఇంట్లో మామూలు తాళంచెవి కూడా అడిగి తీసుకోవాలి. బ్యాటరీ అయిపోయేది ఎప్పుడూ మీరు బయట, కుక్క లోపల ఉన్నప్పుడే.

ప్రయాణం, వీసా

అన్ని సైట్లూ నోరు మెదపడానికి ఇబ్బందిపడే సంగతి ఇదే. డబ్బు తీసుకోకపోయినా వసతికి బదులు చేసే పనిని కొన్ని దేశాల ఇమ్మిగ్రేషన్ అధికారులు ఉద్యోగంగా లెక్కగట్టవచ్చు. 2022లో అమెరికాలో ఒక ఆస్ట్రేలియా ప్రయాణికురాలిని హౌస్ సిట్టింగ్ కారణంగానే విమానాశ్రయం నుంచి వెనక్కి పంపిన ఉదంతం వార్తలకెక్కింది. సైటు ఇచ్చే లెటర్ చూపిస్తే సరిపోతుందనుకోవడం అమాయకత్వం, ఆ లెటర్‌కు సరిహద్దు దగ్గర చట్టబలం లేదు. అబద్ధం చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ దేశం నిబంధన ఏమిటో అప్లై చెయ్యకముందే అధికారిక వెబ్‌సైట్‌లో చదివి, స్పష్టంగా కుదరదంటే ఆ దేశంలో సిట్లు మానుకోవాలి.

ఒకే వీసాతో తిరిగే యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో సందర్శకులుగా ఏ 180 రోజుల్లోనైనా ఉండగలిగేది 90 రోజులే. దిగిన రోజూ, బయల్దేరిన రోజూ రెండూ లెక్కలోకే వస్తాయి. "జూన్, జులై, ఆగస్టు" అని ప్రకటనలో చూసి మూడు నెలలే కదా అని ఒప్పుకుంటే అది 92 రోజులు. దానికి ముందు ఇల్లు చేతికి తీసుకోవడానికి ఒక రోజు, తర్వాత తిరిగి అప్పగించడానికి ఒక రోజు కలిపితే 94. ఈ లెక్క వీడియో కాల్‌కు ముందే వేసుకోవాలి.

సిట్‌కూ సిట్‌కూ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. ఒకరు ఆలస్యంగా వస్తే తర్వాతి ఇంటివాళ్ల విమానం తప్పిపోతుంది, ఆ రివ్యూ మీ పేజీ మీద ఏళ్ల తరబడి కూర్చుంటుంది. టికెట్లు తేదీ మార్చుకునే రకానివే కొనాలి. మామూలు ప్రయాణ బీమా ఇంటివాళ్లు సిట్ రద్దు చేస్తే అయ్యే నష్టాన్ని చాలావరకు కట్టదు. సిట్ ఆగిపోతే రెండు వారాలు ఎక్కడైనా ఉండటానికి సరిపడా డబ్బు చేతిలో లేనివాళ్లు ఈ పద్ధతిలో ప్రయాణం మొదలుపెట్టకపోవడమే మంచిది.

ల్యాప్‌టాప్ మీద పని చేసేవాళ్లకు కష్టం మొరుగుడుతో కన్నా వేళలతో వస్తుంది. ఇంటివాళ్ల కుక్క ఏడింటికి నడకకు అలవాటుపడి ఉంటే మీ ఆఫీసు మీటింగ్ వేరే టైమ్‌జోన్‌లో సరిగ్గా అప్పుడే ఉంటుంది. వేళ మార్చాలంటే రోజుకు పదిహేను నిమిషాల చొప్పున జరపాలి, ఒక్కసారిగా రెండు గంటలు జరిపితే కార్పెట్ ఉతుక్కోవాలి. మీటింగ్‌కు ముందు నడక, తర్వాత వెనక గదిలో నమలడానికి ఏదైనా ఇవ్వడం, ఈ వరస చాలా కుక్కలకు వారంలో అలవాటవుతుంది.

రద్దులు, రివ్యూలు, చందా గడువు

రద్దుల విషయంలో సైట్ల తీరు ఇంటివాళ్ల పక్షమే. అది కొంతవరకు అర్థం చేసుకోదగ్గదే, ఇల్లు వాళ్లది. సిట్టర్ రద్దు చేస్తే మచ్చ, ఇంటివాళ్లు రద్దు చేస్తే "పరిస్థితులు". ప్రీమియం ప్లాన్ రద్దు రక్షణ తీసుకునేవాళ్లు దాని షరతులు మొత్తం చదవాలి. బస ఖర్చుకు పరిమితి ఎంత, ఎన్ని రోజులకు, విమాన టికెట్ వర్తిస్తుందా లేదా అన్నవి అందులోనే ఉంటాయి. నెలల సిట్‌కు కొద్ది రోజుల బస ఖర్చు వచ్చినా పెద్ద ఉపశమనం కాదు.

మీరు పోగేసుకున్న రివ్యూలు సైటువి, మీవి కావు. సైటు మారితే సున్నా నుంచి మొదలు. ప్రతి పొడవైన సిట్ అయ్యాక ఇంటివాళ్ల నుంచి నాలుగు వాక్యాల ఈమెయిల్ రిఫరెన్స్ విడిగా అడిగి తీసుకుని, ప్రొఫైల్ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. మళ్లీ పిలిచే ఇంటివాళ్లు నలుగురైదుగురు పోగయ్యాక చాలామంది సిట్టర్లకు సైటు అవసరం సగం తగ్గిపోతుంది. ఐతే నేరుగా వెళ్లిన సిట్లకు వెట్ హెల్ప్‌లైన్, బీమా లాంటివి వర్తించవని గుర్తుంచుకోవాలి.

చందా గడువు ముగియగానే తనంతట తానే రెన్యూ అయ్యే ఏర్పాటు ఉంటుంది. చందా కట్టిన రోజే అకౌంట్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపెయ్యండి, అలా ఆపినా ఏడాది మిగిలిన రోజులు పోవు. ఆ గడువు ఏ సిట్ మధ్యలోనైనా పడుతుందేమో క్యాలెండర్‌లో చూసుకుని, పడితే సిట్ ఖాయం చేసుకోకముందే కస్టమర్ సపోర్ట్‌కు రాసి సదుపాయాలు చివరిదాకా ఉంటాయో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.